612 ఫ్లాట్లు, ఏడు బ్లాకులు: బెంగళూరులో ఒక అసోసియేషన్ ఎన్నిక, కేస్ స్టడీ

ఈ కేసు బెంగళూరు తూర్పు వైపు, మహదేవపుర నియోజకవర్గంలో ఉన్న ఒక అపార్ట్‌మెంట్ సముదాయానిది. పేరు రాయడం లేదు. అక్కడ ఉన్నవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ. హిందూపురం, అనంతపురం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే రిటైరైనవాళ్లు కొందరు, విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ నుంచి ఐటీ ఉద్యోగాలకి వచ్చి ఇల్లు కొనుక్కున్నవాళ్లు ఇంకొందరు. నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా మైక్రో అబ్జర్వర్‌గా ఎన్నికల డ్యూటీలు చేశాను, లెక్కింపు టేబుళ్ల దగ్గరా కూర్చున్నాను. ఆ అనుభవం ఉందని ఇప్పుడు అసోసియేషన్లు నన్ను ఎన్నికల అధికారిగా పిలుస్తుంటాయి. ఇలాంటి బాధ్యత తీసుకునే మరొకరికి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

అసోసియేషన్ ఎన్నికకి ఇంత హడావుడి ఎందుకని బయటివాళ్లకి అనిపించవచ్చు. బెంగళూరు నగరపాలికకి చివరిసారి కార్పొరేటర్లను ఎన్నుకున్నది 2015లో. వాళ్ల పదవీకాలం 2020 సెప్టెంబర్‌లో అయిపోయింది. ఆ తర్వాత వార్డులు 198 నుంచి 243 అన్నారు, మళ్లీ 225 అన్నారు, 2025లో నగరాన్ని గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లుగా చేసి 369 వార్డులు గీశారు. గీతలు మారుతూ ఉన్నంత కాలం వీధిలో అడగడానికి కార్పొరేటర్ లేడు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోతే ట్యాంకర్ ఎవరిని పిలవాలి, ఎంత రేటుకి పిలవాలి, ఆ ఖర్చు ఎవరి మీద వేయాలి అన్నీ మేనేజింగ్ కమిటీయే తేల్చింది. ఏడాదికి కోట్లలో తిరిగే డబ్బది. అందుకే ఆ కమిటీలో ఎవరి మాట ఎన్ని ఓట్లతో నెగ్గుతుందన్నది అక్కడ బతికేవాళ్లకి పెద్ద విషయం.

అసలు చిక్కు

సముదాయాన్ని మూడు ఫేజుల్లో కట్టారు. మొదటి ఫేజులో ఏ, బి, సి, డి బ్లాకులు, ఒక్కోదాంట్లో 48 ఫ్లాట్లు. రెండో ఫేజులో ఇ, ఎఫ్, ఒక్కోదాంట్లో 90. మూడో ఫేజు జి టవర్ ఒక్కటే, ఇరవై అంతస్తులు, 240 ఫ్లాట్లు. బిల్డర్ రాయించిన బై-లాస్ (అసోసియేషన్ నియమావళి) ప్రకారం బ్లాకుకి ఒక సభ్యుడు, మొత్తం ఏడుగురు. మొదటి ఫేజు ఒక్కటే ఉన్న రోజుల్లో ఈ నియమంలో ఏ తప్పూ లేదు. నాలుగు బ్లాకులు, నాలుగు సమానమైన సీట్లు.

జి టవర్ నిండాక ఆ నియమమే అన్యాయమైపోయింది. మొదటి ఫేజులో 192 ఫ్లాట్లున్నాయి, అంటే మొత్తంలో మూడో వంతు కూడా లేదు. కమిటీలో మాత్రం ఏడింటిలో నాలుగు సీట్లు వాళ్లవే. 240 ఫ్లాట్ల జి టవర్‌కి ఒక్క సీటు. 'ఏ' బ్లాకులో ఒక ఓటుకున్న బరువు జి టవర్‌లో ఓటుకి అయిదింతలు. ఎవరూ కుట్ర చేయలేదు, ఎవరూ గీత జరపలేదు. గీత ఉన్నచోటే ఉంది, కింద జనం పెరిగారు.

నియోజకవర్గాల్లోనూ జరుగుతున్నది ఇదే. మహదేవపుర అసెంబ్లీ స్థానంలో 2024 నాటికి ఓటర్లు ఆరు లక్షలు దాటారు. అదే కర్ణాటకలో మలెనాడు వైపున్న శృంగేరిలో రెండు లక్షల లోపే. రెండిటికీ ఒక్కో ఎమ్మెల్యే. ఇప్పటి హద్దులు 2008 ఎన్నికల నుంచి అమల్లో ఉన్నా అవి 2001 జనాభా లెక్కల మీద గీసినవి, 2026 తర్వాత వచ్చే మొదటి జనగణన దాకా అవి కదలవని రాజ్యాంగ సవరణే ఉంది. జి టవర్ నుంచి వచ్చిన ఒకావిడ, విజయవాడ అమ్మాయి, మొదటి సమావేశంలోనే ఈ సంగతి ఎత్తింది. "అసెంబ్లీలో ఎలాగూ మా ఓటుకి విలువ తక్కువే సార్, కనీసం మా ఇంటి గేటు లోపలైనా సమానంగా ఉండాలి కదా" అంది. ఆ మాటకి నా దగ్గర ఎదురు వాదన లేదు.

'ఏ' బ్లాకులో హిందూపురం పెద్దాయన ఒకరు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆయన భయమూ నిజమైనదే. మొదటి ఫేజు లిఫ్టులు పాతబడ్డాయి, వాటికోసం వాళ్లు ఏళ్ల తరబడి కార్పస్ ఫండ్ కూడబెట్టుకున్నారు. "కొత్తగా వచ్చినోళ్లు చేతులెత్తి మా దుడ్డు వాళ్ల స్విమ్మింగ్ పూల్‌కి పెట్టేస్తే మేమేం చేయల్లమ్మా?" అని అడిగారు. సంఖ్యలో తక్కువున్నవాళ్లకి ఈ ప్రశ్న అడిగే హక్కుంది. న్యాయమైన ఎన్నిక అంటే సంఖ్యకి తగ్గ సీట్లు ఇవ్వడంతో అయిపోదు, తక్కువున్నవాళ్ల సొంత విషయాలకి రక్షణ కూడా చూడాలి. ఈ రెండూ ఒకేసారి కూర్చోబెట్టకపోతే బై-లాస్ సవరణకి కావలసిన మూడింట రెండు వంతుల మద్దతు ఎప్పటికీ రాదని నాకు అప్పుడే అర్థమైంది.

గీత ఎక్కడ గీయాలి

మూడు దారులు ముందుకొచ్చాయి.

మొదటిది, బ్లాకుల గొడవే లేకుండా అందరూ అన్ని సీట్లకీ ఓటేయడం. వినడానికి సమానంగానే ఉంటుంది. కానీ పది సీట్లకి ఒక్కొక్కరూ పది ఓట్లు వేస్తే, సగానికి ఒక్క ఓటు ఎక్కువున్న ప్యానెల్ పదికి పది ఎత్తుకుపోగలదు. మిగతా సగం మందికి కమిటీలో మనిషే ఉండడు. కాగితం మీద ఇది చూపించగానే జి టవర్ వాళ్లలోనూ చాలామంది వెనక్కి తగ్గారు, ఎందుకంటే వాళ్లలో వాళ్లకీ రెండు వర్గాలున్నాయి.

రెండో దారి, అసెంబ్లీ స్థానాల్లా ఒక్కో సీటుకి ఒక్కో వార్డు గీయడం. పది సీట్లయితే సీటుకి సగటున 61 ఫ్లాట్లు. జి టవర్ తేలిక, అయిదేసి అంతస్తులకి 60 ఫ్లాట్ల చొప్పున నాలుగు వార్డులు. మొదటి ఫేజు దగ్గర చిక్కొచ్చింది. 192 ఫ్లాట్లకి మూడు వార్డులంటే ఒక్కోదానికి 64. బ్లాకుల్లో ఉన్నవి 48. కాబట్టి ఏదో ఒక బ్లాకుని మూడు ముక్కలు చేసి మిగతా మూడింటికీ తలా ఒక ముక్క కలపాలి. అప్పటి కమిటీ నుంచి వచ్చిన చిత్తు ప్రతిలో ముక్కలు చేసింది డి బ్లాకుని. మెట్ల వారీగా పదహారేసి ఫ్లాట్లు, చూడ్డానికి పొందికగానే ఉంది. కానీ ట్యాంకర్ల లెక్కలు బయటపెట్టమని మూడేళ్లుగా అడుగుతున్నది ఆ డి బ్లాకే. ఆ 48 ఫ్లాట్లు ఒకే వార్డులో ఉంటే ఒకరిని గెలిపించుకుంటాయి, పదహారేసి చొప్పున విడగొడితే మూడు చోట్లా ఓడిపోతాయి. సంఖ్యలు మూడు వార్డుల్లోనూ సమానమే, ఫలితం మాత్రం ముందే రాసిపెట్టినట్టు. ప్రపంచమంతటా హద్దులతో చేసే మోసం రెండు రకాలు: ఒక వర్గాన్ని ముక్కలు చేసి ఎక్కడా గెలవకుండా చేయడం, లేదా అందరినీ ఒకేచోట కుక్కి ఒక్క సీటుతో సరిపెట్టడం. కావాలని చేశారో యాదృచ్ఛికమో నేను అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. గీత గీసేవాడికి ఆ ఎన్నికలో లాభనష్టాలుంటే ఆ గీతని పక్కన పెట్టాలి, ఉద్దేశం ఏదైనా సరే. దేశంలో నియోజకవర్గాల హద్దులు గీసే డీలిమిటేషన్ కమిషన్‌ని సుప్రీంకోర్టులో పని చేసిన న్యాయమూర్తి అధ్యక్షతన వేసేది అందుకే.

మూడో దారికే చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఫేజే ఒక నియోజకవర్గం. లోపల గీతలే ఉండవు. ఒక్కో ఫేజుకి ఫ్లాట్ల సంఖ్య ప్రకారం సీట్లు, కానీ ఒక ఫ్లాట్‌కి ఒకే ఓటు. ఎక్కువ ఓట్లొచ్చిన మొదటి ముగ్గురో నలుగురో గెలిచినట్టు. మూడు సీట్లున్నచోట పోలైన ఓట్లలో నాలుగో వంతు కంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్న అభ్యర్థిని ఎవరూ ఆపలేరు. డి బ్లాకు మొదటి ఫేజులో సరిగ్గా నాలుగో వంతు, పక్క బ్లాకుల్లో కొందరు కలిసొస్తే సీటు ఖాయం. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లోలాగా అభ్యర్థులకి 1, 2, 3 అని వరస ఇచ్చే ప్రాధాన్య ఓట్లు పెట్టమని ఒక ప్రొఫెసర్ గారు సూచించారు. పద్ధతిగా అది ఇంకా మెరుగైనది, నాకూ ఇష్టమే. అయితే తక్కువ ఓట్లొచ్చినవాళ్లని ఒక్కొక్కరినీ తప్పించే ఎలిమినేషన్ రౌండ్లు మొదలయ్యాక ఆ లెక్కింపు రోజుల తరబడి సాగడం తెలుగు రాష్ట్రాల్లో అందరం చూశాం. క్లబ్ హౌస్‌లో వాలంటీర్లు చేతులతో లెక్కపెట్టేచోట, ఓడినవాడు పక్కన కూర్చుని ప్రతి అడుగూ తానే సరిచూసుకోగలిగినంత సులువుగా ఉండాలని నేను పట్టుబట్టాను.

సీట్ల పంపకం: కమిటీకి తొమ్మిది చాలన్నారు మొదట. తొమ్మిదైతే మొదటి ఫేజుకి 2.82, రెండో ఫేజుకి 2.65, జి టవర్‌కి 3.53 వస్తాయి. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 3, 3, 4. మొత్తం పది. తొమ్మిదికి కుదించాలంటే ఎవరిదో ఒకరిది తెగ్గోయాలి. పది సీట్లయితే 3.14, 2.94, 3.92, అంటే ఇబ్బంది లేకుండా 3, 3, 4. సీటుకి 64, 60, 60 ఫ్లాట్లు. సరి సంఖ్య కాబట్టి ఓట్లు సగం సగం పడే ప్రమాదం ఉంది, అందుకని అధ్యక్షుణ్ణి 612 ఫ్లాట్లూ కలిసి నేరుగా ఎన్నుకునేలా పెట్టాం, మొత్తం పదకొండు. ఇక హిందూపురం పెద్దాయన ప్రశ్నకి జవాబుగా ఇంకో నియమం చేర్చాం. ఒక ఫేజు సొంత కార్పస్ ఫండ్‌ని ముట్టుకోవాలంటే కమిటీ మెజారిటీతో పాటు ఆ ఫేజు సభ్యుల్లో మెజారిటీ కూడా కావాలి. సవరణ పాసైంది ఆ ఒక్క వాక్యం వల్లనే. ఆయనే లేచి ప్రతిపాదించారు.

ఓటర్ల జాబితా

అందరి చూపూ లెక్కింపు మీద ఉంటుంది. నా అనుభవంలో ఎన్నిక చెడేది ఎక్కువగా జాబితా దగ్గరే.

బాకీ ఉన్నవాళ్లకి ఓటు లేదని బై-లాస్‌లో ఉంది. పాత కోశాధికారి ఇచ్చిన బాకీదారుల జాబితాలో 71 ఫ్లాట్లుంటే, 52 జి టవర్‌వే. ఎందుకంటే ట్యాంకర్ నీళ్ల అదనపు ఛార్జీని ఆ టవర్ వాళ్లు ఒప్పుకోకుండా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, అది తప్ప మిగతా మెయింటెనెన్స్ కడుతూ వచ్చారు. అంటే ఎవరు ఓటేయాలో ఆ ఛార్జీ వేసినవాళ్లే నిర్ణయిస్తున్నట్టు. ఇది ఇలాగే వదిలేస్తే సీట్లు ఎంత సమానంగా పంచినా ఉపయోగం లేదు. తగాదాలో ఉన్న మొత్తాన్ని వేరే ఖాతాలో డిపాజిట్ చేస్తే, తీర్పు ఏదైనా ఓటు హక్కు ఉంటుందని ఉత్తర్వు రాసిచ్చాను. 52లో 47 మంది డిపాజిట్ చేశారు.

చిత్తు జాబితా ప్రతి బ్లాకు లిఫ్టు పక్కనా అంటించాం. చేర్పులకీ తొలగింపులకీ గడువిచ్చాం, ఎన్నికల కమిషన్ ముసాయిదా జాబితా పెట్టి 6, 7, 8 నంబర్ ఫారాలు తీసుకునే పద్ధతిలోనే. ఒకరి పేరు తీసేయమని ఇంకొకరు అడిగితే, ఆ ఫ్లాట్ వాళ్లకి నోటీసు వెళ్లి వాళ్ల జవాబు వచ్చేదాకా పేరు తీయలేదు. భార్యాభర్తలిద్దరి పేరా ఉన్న ఫ్లాట్‌కి ఒకే ఓటు, సేల్ డీడ్‌లో మొదటి పేరు ఎవరిదైతే వాళ్లది, లేదా వాళ్లు రాసిచ్చిన రెండో వ్యక్తిది.

ప్రాక్సీలు, అంటే యజమాని తరఫున ఇంకొకరు ఓటేసేలా రాసిచ్చే పత్రాలు, తలనొప్పి. యజమానులు చాలామంది అమెరికాలో ఉన్నారు. ఒక్కాయన దగ్గరే పందొమ్మిది ప్రాక్సీలు పోగయ్యాయి, అన్నీ బంధువులవీ స్నేహితులవీ. తప్పుడు పత్రాలేం కావు. అయినా ఒక్క మనిషి జేబులో పందొమ్మిది ఓట్లుంటే రహస్య ఓటింగ్ అన్నమాటకి అర్థం పోతుంది. మనిషికి రెండు ప్రాక్సీలకి మించి వద్దని నామినేషన్లకి ముందే ప్రకటించాం. ఎవరికి లాభమో తెలియక ముందు చేసిన నియమం కాబట్టి ఎవరూ గట్టిగా ఎదురుచెప్పలేకపోయారు. అద్దెకున్నవాళ్ల సంగతి ఈసారి తేలలేదు. ఆ నీళ్లు తాగేది వాళ్లే, మెయింటెనెన్స్ కూడా చాలాచోట్ల వాళ్లే కడతారు, ఓటు మాత్రం లేదు. నాకది సబబుగా అనిపించదు, కానీ యజమానుల సంఘం నియమాల్లో దానికి చోటు లేదు.

ఇక ఆన్‌లైన్ ఓటింగ్. యాప్‌లో పెడదామని చాలామంది అడిగారు. ఆ యాప్‌కి అడ్మిన్ పాత కమిటీ కార్యదర్శి. ఎవరు ఎవరికి వేశారో ఆయనకి కనిపించదని నేను హామీ ఇవ్వలేను, లెక్క తప్పైతే తిరిగి లెక్కపెట్టడానికి చేతిలో ఏమీ ఉండదు. కాగితం బ్యాలెట్ పెట్టాం.

ఆదివారం, క్లబ్ హౌస్

నేను తెలుగువాణ్ణి, అభ్యర్థుల్లో సగం మంది తెలుగువాళ్లు. కన్నడ, మలయాళం, హిందీ మాట్లాడే కుటుంబాల్లో "వీళ్లంతా ఒకటే" అన్న అనుమానం ఉంటే అది సహజం. అందుకే నాతో పాటు ఇద్దరు పరిశీలకులుండాలని షరతు పెట్టి వచ్చాను, ఒకరు కన్నడిగ, ఒకరు మలయాళీ. ఇద్దరూ బయటి సముదాయాలవాళ్లే. ఆ రోజు మైకులో ప్రతి ప్రకటనా కన్నడలోనూ ఇంగ్లిష్‌లోనూ చేశాం. బ్యాలెట్ మీద పేర్ల వరస లాటరీ తీసి పెట్టాం, పేరు పక్కన ఫోటో వేశాం.

లెక్కింపుకి ముందురోజే ఏ ఓటు చెల్లుతుందో, ఏది చెల్లదో నమూనా బ్యాలెట్లు గీసి అభ్యర్థులందరి సంతకాలు తీసుకున్నాం. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 56వ నియమం దీనికి మంచి ఆధారం. ఓటరెవరో గుర్తుపట్టేలా ఏమైనా రాసి ఉంటే చెల్లదు, ఎవరికి వేశారో తేలకపోతే చెల్లదు, గుర్తు వంకరగా ఉన్నా ఉద్దేశం స్పష్టంగా ఉంటే చెల్లుతుంది. ఈ పని ఫలితం తెలిశాక చేస్తే ప్రతి చెల్లని ఓటూ ఒక తగాదా అవుతుంది. 2023లో జయనగర్ అసెంబ్లీ స్థానం 16 ఓట్ల తేడాతో తేలింది, చెల్లవని పక్కన పెట్టిన పోస్టల్ ఓట్ల మీద రాత్రి పొద్దుపోయేదాకా గొడవ నడిచింది. ఇదే రాష్ట్రంలో 2004లో సంతెమరహళ్లి ఒకే ఒక్క ఓటుతో తేలింది.

పోలింగ్ ముగియగానే పెట్టె తెరవకముందే లెక్క రాశాం: అచ్చు వేసినవి ఎన్ని, ఇచ్చినవి ఎన్ని, పాడై తిరిగొచ్చినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని. పోలింగ్ బూత్‌లో 17సి ఫారం చేసే పనే ఇది. ప్రతి ఏజెంటుకీ ఒక కాపీ. పెట్టెలో దొరికిన కాగితాలు దానితో సరిపోవాలి, సరిపోయాయి.

మొదటి ఫేజు, జి టవర్ ఫలితాలు తేడా ఎక్కువగా ఉండి ఇబ్బంది లేకుండా వచ్చాయి. డి బ్లాకు మనిషి గెలిచాడు. రెండో ఫేజు దగ్గర ఆగింది. పోలైనవి 138, చెల్లనివి 4, చెల్లినవి 134. అయిదుగురు అభ్యర్థులకి 42, 31, 24, 23, 14. మూడో సీటు ఒక్క ఓటు తేడాలో ఉంది. నాలుగో స్థానంలో ఉన్నాయన రీకౌంట్ అడిగారు. హాల్లో టెన్షన్ మొదలైంది. "మొత్తం సరిపోయింది కదా సార్, మళ్లీ ఎందుకు?" అని మూడో ఆయన తరఫువాళ్లు గట్టిగానే అన్నారు.

మొత్తం సరిపోవడం అంటే కాగితమేదీ పోలేదని మాత్రమే. ఏ కాగితం ఏ కట్టలో ఉందో మొత్తం చెప్పదు. రీకౌంట్‌ని అనుమతిస్తూ కారణం రాసి సంతకం చేశాను. అదే 1961 నియమాల్లోని 63వది రిటర్నింగ్ అధికారి మీద పెట్టే బాధ్యత కూడా అదే, ఒప్పుకున్నా తిరస్కరించినా కారణం రాతలో ఉండాలి. ఈసారి ప్రతి బ్యాలెట్‌నీ ఒక్కొక్కటిగా ఎత్తి, అందరూ చూసేలా పట్టుకుని, పేరు చదివి కింద పెట్టించాను. 42 ఓట్ల కట్టలో ఒకటి నాలుగో ఆయనది దొరికింది. వాలంటీర్ తొందరలో పక్క కట్టలో పెట్టాడు. 41, 31, 24, 24, 14. మొత్తం అదే 134.

ఇప్పుడు చెల్లని నాలుగింటి మీదకి కళ్లు వెళ్లాయి. ఒకదాని మీద ఫ్లాట్ నంబర్ రాసి ఉంది, రెండు ఖాళీ. నాలుగోదాని టిక్ గుర్తు మూడో ఆయన గడికీ నాలుగో ఆయన గడికీ మధ్య గీత మీద పడింది, తోక కొంచెం మూడో ఆయన వైపు. ఆ ఒక్క కాగితంతో సీటు తేలిపోతుంది. ముందురోజు సంతకం చేసిన నమూనాల్లో సరిగ్గా అలాంటిదే ఆరోది: రెండు గళ్లని తాకితే చెల్లదు. ఆ నమూనా తీసి ఇద్దరి ముందూ పెట్టాను. మూడో ఆయన కాసేపు దాన్నే చూసి, "సంతకం నాదే అండీ" అన్నారు. ఇక వాదన లేదు.

ఓట్లు సమానమైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ లాటరీ వేయమంటుంది, లాటరీలో పేరొచ్చినవాళ్లకి ఒక ఓటు అదనంగా వచ్చినట్టు లెక్క. మా నియమాల్లోనూ అదే రాసుకున్నాం. ఒకే కొలతకి కోసిన రెండు చీటీలు, లోపలికి కనపడని స్టీలు డబ్బా. చీటీ తీసింది కన్నడిగ పరిశీలకుడు. పేరు నాలుగో ఆయనది. ఓడిపోయినాయన ఫలితాల షీటు మీద అన్ని కాలమ్‌లూ తానే కూడి చూసుకుని సంతకం పెట్టారు. ఎన్నిక చెల్లదని రిజిస్ట్రార్ దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. అధ్యక్ష పదవికి ఇద్దరే నిలబడ్డారు, తేడా పెద్దదే.

తర్వాత

కొత్త కమిటీ మొదటి పనిగా ట్యాంకర్ల లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టింది. డిపాజిట్ చేసిన అదనపు ఛార్జీలో కొంత భాగం జి టవర్ వాళ్లకి తిరిగొచ్చింది, మిగతాది వాళ్లు కట్టాల్సిందేనని తేలింది. మొదటి ఫేజు లిఫ్టుల పని వాళ్ల ముగ్గురు సభ్యులూ ఒప్పుకున్నాక మొదలైంది.

పక్క స్థలంలో బిల్డర్ నాలుగో ఫేజు మొదలుపెట్టాడు, 132 ఫ్లాట్లు. బ్లాకుకొక సీటన్న పాత నియమం మళ్లీ తల ఎత్తకుండా, ప్రతి ఎన్నికకి ముందు మొత్తం ఫ్లాట్లని చూసి సీటుకి అరవై ఫ్లాట్ల చుట్టుపక్కల ఉండేలా ఎన్నికల అధికారే లెక్క కట్టి ప్రకటించాలని జనరల్ బాడీ తీర్మానించింది. దానిపై కమిటీలో ఓటింగ్ ఉండదు. ఆ లెక్కన నాలుగో ఫేజు చేరితే మొత్తం 744 ఫ్లాట్లు, 12 సీట్లు, పంపకం 3, 3, 4, 2. కొత్త ఫేజులో ఇంకా ఎవరూ గృహప్రవేశం చేయలేదు, వాళ్ల రెండు సీట్లు మాత్రం బై-లాస్‌లో ఇప్పటికే ఉన్నాయి.